మాచు పిచ్చు రాయి

టీవీ పక్కన పెట్టిన రాయి కనిపించకపోయేసరికి ప్రద్యుమ్న భార్య మీద విరుచుకుపడ్డాడు.

"కొరియర్ వాడు వచ్చేస్తాడు. ఇల్లు సర్దడమంటే ఉన్నవన్నీ పారెయ్యడమా?"

"నీ రాయి ఎవడిక్కావాలి? నేను ముట్టుకుంటే ఒట్టు," అంది విశాలి.

"అమ్మగోరు నూతికాడ కడుగుతన్నారు బాబూ," అంది పనిమనిషి దాలమ్మ.

కోడిగుడ్డంత బూడిదరంగు రాయి. కిందటి నెల పెరూ వెళ్ళినప్పుడు మాచు పిచ్చు శిథిలాల్లోంచి ఎవరూ చూడకుండా జేబులో వేసుకొచ్చాడు.

కొండ మీది ఆ రాతి నగరం చూడాలని తండ్రి అనంతపద్మనాభంగారికి కోరిక. శ్రీకాకుళంలో చరిత్ర పాఠాలు చెప్పినన్నాళ్ళూ, సున్నం లేకుండా నిలబడ్డ ఆ గోడల గురించే చెప్పేవారు. "నన్నూ తీసికెళ్ళరా," అన్నారు. "ఆ మోకాళ్ళతోనా నాన్నా?" అని నవ్వేశాడు కొడుకు. తిరిగొచ్చి రాయి చేతిలో పెడితే, ఆ సాయంత్రమంతా ఆయన గుప్పిట విప్పలేదు.

వారం తిరక్కుండా గుండె ఆగిపోయింది.

పురోహితుడు ఏటి ఒడ్డున మరో రాయి ఏరాడు. ఇంచుమించు అంతదే. అందులోకి ఆయన్ని ఆవాహన చేశాడు. రోజూ దానికే నువ్వులూ నీళ్ళూ. తరవాత గుడ్డలో కట్టి వసారా మూల ఉంచేవారు. ఇవాళ పదో రోజు. దాన్ని నాగావళిలో వదలాలి. "ఆ రాయి పోయిందా, ఆయన దారి తప్పినట్టే," అని మొదటి రోజే హెచ్చరించాడు పురోహితుడు.

పెరూ రాయిని చూస్తే మాత్రం ప్రద్యుమ్నకు వణుకు. అక్కణ్ణుంచి రాళ్ళు ఎత్తుకొచ్చినవాళ్ళకి కీడు తప్పదని ఫోన్లో చదివాడు. అందుకే దాన్ని అక్కడి గైడుకే తిప్పి పంపేస్తున్నాడు.

తల్లి శ్యామలాంబ కడిగిన రాయిని తుడిచి, భర్త పాత పంచె ముక్కలో చుట్టి, తనే పెట్టెలో పెట్టింది.

"రాయికి పంచె ఎందుకమ్మా?"

"అక్కడ చలి కదురా."

పెట్టె వెళ్ళిపోయింది. తరవాత అందరూ నాగావళికి వెళ్ళారు. తల్లి అందించిన మూట విప్పి, ప్రద్యుమ్న మొలలోతు నీళ్ళలో నిలబడి రాయిని వదిలాడు. వెనక్కి తిరిగి చూడలేదు.

మధ్యాహ్నం భోజనాల దగ్గర ప్రకటించాడు.

"ఇంక ఆ రాయి ఊసు ఈ ఇంట్లో ఎవరూ ఎత్తకండి. గైడు దాన్ని ఆ గోడ పక్కనే పెడతానన్నాడు. మన పీడ పోయింది. నాన్నా చేరవలసిన చోటికి చేరారు."

శ్యామలాంబ విస్తట్లో చెయ్యి ఆపింది.

"నాగావళిలో నువ్వొదిలింది ఆ పెరూ రాయేరా, మీ నాన్న పొద్దున్నే కొరియర్‌లో మాచు పిచ్చు బయల్దేరారు."