ఒట్టి కాళ్ళ పెద్దాయన

గరాజ్‌లో ఫర్నేస్ గర్జించింది. ఊయలలో నాలుగు నెలల పాప ఉలిక్కిపడి ఏడుపు అందుకుంది.

మూడు నిమిషాలు ఇల్లు ఇడ్లీపాత్రలా ఉడికింది. ఠక్కున ఆగింది. చలి. మళ్ళీ గర్జన.

ఆక్లాండ్ శివారు ఆల్బనీలో మూడు గదుల ఇల్లు కొన్న లక్ష్మణరావు, న్యూజిలాండ్ చలికి జడిసి, ఇల్లు వెచ్చబరిచే గ్యాస్ ఫర్నేసుల్లో షాపులోకెల్లా పెద్దది పెట్టించాడు. చిన్నది చాలని భార్య నిరుపమ చెబితే, నీకు తెలియదులే అన్నాడు. తీరా అది పిచ్చుక మీద బ్రహ్మాస్త్రమై కూర్చుంది.

పాప కంటినిండా నిద్రపోయి వారమైంది.

కంపెనీకి ఫోన్ చేస్తే, దీన్ని సరిచేయగల ఎక్స్‌పర్ట్ ఆక్లాండ్ మొత్తానికి ఒక్కడేనన్నారు. శుక్రవారం పదకొండింటికి పంపుతామన్నారు.

నిరుపమ ఫోన్ లాక్కుంది.

"ఇంట్లో పూజగది ఉందండీ. మీ మనిషి బూట్లతో లోపలికి రాకూడదు. ముందే చెప్పండి."

లక్ష్మణరావు సెలవు పెట్టాడు. ఎక్స్‌పర్ట్ అంటే సూటు, టై, చేతిలో పెద్ద పెట్టె ఉంటాయని అతని లెక్క.

శుక్రవారం పదిన్నరకే, లక్ష్మణరావు ఊయల ఊపుతుండగా ఎవరో తలుపు తట్టారు.

తెల్లగడ్డం పెద్దాయన. నిక్కరు, మోచేతుల దగ్గర చిరిగిన స్వెట్టరు. అక్కడ నడి చలికాలమైన జూలైలో ఒట్టి కాళ్ళు.

"మీ హీటర్ గురించి..."

ఆ చప్పుడు భరించలేక చుట్టుపక్కలవాళ్ళు అప్పటికే రెండుసార్లు వచ్చిపోయారు. ఇతను మూడోవాడనుకున్నాడు లక్ష్మణరావు. ఎదుటివాడి మాట పూర్తిగా వినడం అతనికి ఇంటా వంటా లేదు.

"సారీ అంకుల్. ఇంకో అరగంటలో పెద్ద ఎక్స్‌పర్ట్ వస్తున్నాడు. ఆయన చూసుకుంటాడు."

"ఓ, వేరేవాళ్ళని పిలిచారా? సరే." పెద్దాయన లోపలి గర్జన చెవి ఒగ్గి విన్నాడు. "అది మీ ఇంటికి మరీ పెద్దది."

ఫర్నేస్ సాయం లేకుండానే లక్ష్మణరావుకు ఒళ్ళు మండింది.

నిరుపమకు మాత్రం ఆ కాళ్ళు చూసి జాలేసింది. చెప్పులకైనా నోచుకోలేదు పాపం అనుకుని, డబ్బా నిండా పులిహోర పెట్టి ఇచ్చింది. ఆయన కాస్త తికమకపడి, థాంక్స్ చెప్పి వెళ్ళిపోయాడు.

పదకొండు దాటింది. పన్నెండూ దాటింది.

ఒంటిగంటకు లక్ష్మణరావు కంపెనీకి ఫోన్ చేసి, చెప్పిన టైముకు రావడం చేతకాదా అని ఎగిరాడు. ఎక్స్‌పర్ట్ సౌత్ ఐలాండ్ విమానం ఎక్కేశారని, మళ్ళీ సెప్టెంబరులోనే దొరుకుతారని అవతలి అమ్మాయి చల్లగా చెప్పింది.

గరాజ్‌లో గర్జన. పాప లేచింది.

"మా ఇంటికి రాకుండానే ఎలా వెళ్తాడండీ?"

"వచ్చారు సార్. మీ ఆవిడ చెప్పారని బూట్లు వ్యాన్‌లోనే విప్పేసి, ఒట్టి కాళ్ళతో వచ్చారు."