పటిక నీళ్ళు

పావు వంతు నీళ్ళు తీసి కొత్త నీళ్ళు పోయాలి.

స్పాంజి కడగాలి.

అద్దానికి పట్టిన పాకుడు తుడవాలి.

చెరువుకు పోయి నాచు తేవాలి.

రాఘవేందర్ గారి ఆదివారం చీటీ అది. చిక్కడపల్లి లైబ్రరీ వెనక గల్లీలో, వాళ్ళింట్లో, చేపల ట్యాంకు అద్దానికి అంటించి ఉంది.

మొదటి మూడింటికీ పెన్సిలు టిక్కు పడింది.

నాలుగో పని మీద పోయిన మనిషి తిరిగి రాలేదు. చెరువు గట్టున గుండెనొప్పి వచ్చిందట. ఎవరో ఆటోలో వేసుకొచ్చి, దవాఖానలో దించి వెళ్ళిపోయారట. అప్పటికే ప్రాణం పోయిందట.

ఆ ఎవరో ఎవరు?

ఆయన భార్య విద్యావతి దవాఖాన వాచ్‌మన్‌ను అడిగింది. నారాయణగూడ ఆటో స్టాండులో భర్త ఫొటో చూపించి అడిగింది. ఎవరికీ తెలియదు.

"దొరికితే ఏమడుగుతవ్ అక్కా?" అంది అశోక్‌నగర్ నుంచి వచ్చిన చెల్లెలు అంబిక.

"ఆఖరికి ఏమన్నడని. ముప్పై ఏండ్లు కలిసున్నం. పోయేటప్పుడు నాకేదో ఒక్క మాట చెప్పే ఉంటడు."

నెల తిరగకముందే, ఓ ఆదివారం, తలుపు దగ్గర ఒక ముసలాయన. మోకాళ్ళ దాకా తడిసిన పంచె. చేతిలో నీళ్ళు కారే గోనెసంచి.

"నాచు తెచ్చిన అమ్మా. నా పేరు పీరయ్య. సారు..."

"సారు లేరు." విద్యావతి కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. సంచి అందుకుని తలుపు మూయబోయింది.

"పటిక నీళ్ళల్ల ఒక పూట ఉంచినంకనే ట్యాంకుల ఎయ్యాలె అమ్మా. సీదా ఎయ్యొద్దు."

నాచు తెమ్మని తన భర్త ముందే చెప్పి పెట్టుకున్న మనిషి కాబోలు అనుకుంది విద్యావతి. నాచు సీదా వేసేసింది.

నాచులో దాక్కుని వచ్చిన నీటిపురుగులు చేపలను పట్టాయి. నాలుగు గోల్డ్ ఫిష్‌లలో రెండు తేలిపోయాయి.

"ఏం నాచు తెచ్చినవయ్యా! ఆయన ప్రాణంగ పెంచిన చేపలు!" అంది మళ్ళీ ఆదివారం.

"చెప్పిన గదమ్మా. పటిక నీళ్ళల్ల..."

"ఆ, విన్న తియ్యి!"

కానీ ఆ రోజు నుంచి పటిక నీళ్ళు కలపడం మొదలుపెట్టింది. మిగిలిన రెండూ బతికాయి.

పీరయ్య ఊరవతల చెరువు నుంచి రెండు బస్సులు మారి వచ్చేవాడు. ఎండైనా, వానైనా. వచ్చిన ప్రతిసారీ అదే మాట.

"మళ్ళ పటికేనా? ఏడాదిసంది చెప్తున్నవ్. నేనేమన్న చిన్నపిల్లనా?"

"చెప్పాల్సింది చెప్పాలె గదమ్మా." నవ్వేవాడు.

"పైసలన్న తీస్కో."

"వద్దమ్మా. జర చేపలను చూసి పోదునా?"

"ఇల్లు సర్దలేదు. మళ్ళొచ్చినప్పుడు చూద్దువు తియ్యి."

ఆ మళ్ళీ రాలేదు.

రెండు ఆదివారాలు గడిచాయి. మూడో ఆదివారం అదే గోనెసంచి పట్టుకుని ఒక అవ్వ వచ్చింది.

"కమలవ్వనమ్మా. పీరయ్య పెండ్లాన్ని."

"ఆయనేడి?"

"పోయిండు. జెరమొచ్చి, నాలుగు దినాలల్లనే. మీ ఇంటికి నాచు ఇచ్చి రమ్మని మరీ మరీ చెప్పిండు."

విద్యావతి ఆమెను చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్ళింది. ట్యాంకు ముందు కుర్చీ వేసింది. కమలవ్వ రెండు చేపలనూ చాలాసేపు చూసింది.

"బతికినయి పాపం. మా ఆయన చూస్తె ఖుషీ అయితుండె. మీ సారును ఆటోల ఎక్కించుకొచ్చిన కాడికెల్లి ఆయనకు గీ చేపలదే రంది."

విద్యావతి ఆమె కుర్చీ పక్కన నేల మీద కూచుంది.

"తెచ్చింది ఆయనేనా? మరి నాకు చెప్పలేదేంది అవ్వా?"

"మొదటి దినమే చెప్పబోయిండట. మీ మొఖం జూసి నోరు రాలేదన్నడు. సారు తల ఒళ్ళె పెట్టుకొని వచ్చిండమ్మా దవాఖాన దాక. ఇంటి గుర్తులు సారే చెప్పిండట."

"ఆఖరికి... ఆఖరికి ఏమన్నడట?"

కమలవ్వ ఆశ్చర్యంగా చూసింది.

"చీటీల రాసుడు మరిచిపోయిన, విద్యకు తెల్వది, పటిక నీళ్ళల్ల ఒక పూట ఉంచినంకనే ఎయ్యమని చెప్పు అన్నడట. గదే గదమ్మా, మా ఆయన వారం వారం మీ వాకిట్ల నిలబడి చెప్పింది."

మీ గుమ్మం ముందు ఎవరైనా చెప్పిందే చెప్తుంటే, తలుపు మూసే ముందు పీరయ్యను ఒక్కసారి తలుచుకోండి.