చలికాలం బ్యాటరీ

నిచ్చెన మీద మనిషిని చూడగానే చలపతికి ఒళ్ళు మండింది.

గంగాలిన్ ఊరి బయట యార్డులో, ఇంటి సామానంతా ఉండే క్యారవాన్ బళ్ళని చలికాలమంతా నిలిపి ఉంచే వరసలో, మూడేళ్ళ కిందట చలపతి కొన్న క్యారవాన్ కవరు మీద చెయ్యేసి ఉన్నాడు పక్క వ్యాన్ ముస్తాక్.

"ఏం చేస్తున్నారండీ అక్కడ?"

"గాలికి కవర్ లేసింది అన్నా. సర్దుతున్న, అంతే."

చలపతి నమ్మలేదు.

అసలా మనిషంటేనే గిట్టదు. ఉన్నది ఇరవై ఏళ్ళ డొక్కు వ్యాన్. అయినా యార్డులో ఎవరి బ్యాటరీ మొరాయించినా "ముస్తాక్ భాయ్‌ని అడగండి" అంటారు. చలపతిని ఒక్కడూ అడిగిన పాపాన పోలేదు. చివరికి ఇంట్లో మంగళ కూడా, "ఆయన బండిని ఎంత ఓపిగ్గా చూసుకుంటారో" అంది.

తనది మాత్రం తక్కువా? దిష్టి తగలకూడదని పైనుంచి చక్రాల దాకా కవరు కప్పాడు. చలికాలం పోయాక స్విచ్ వేస్తే లైట్లు ధగధగలాడేవి.

"చూశావా, నేను కొన్న బ్యాటరీ అలాంటిది," అనేవాడు మంగళతో, పక్క వ్యాన్‌కి వినిపించేలా.

ఆవిడ ఊఁ అనేది. ఒక్కసారైనా మెచ్చుకుంటుందని చలపతి ఆశ.

'నా వ్యాన్ చూసి ఓర్వలేక చస్తున్నాడు' అనుకుని, యార్డు ఓనరుకి మెయిల్ కొట్టాడు. పరాయి బండిని ముట్టుకున్నవాళ్ళు ఖాళీ చేయాలని అక్కడి రూలు.

వారంలో, చలికాలం ఇంకా మొదట్లో ఉండగానే, పక్క వ్యాన్ వెళ్ళిపోయింది. ఆ రోజు చలపతి రెండు ముద్దలు ఎక్కువే తిన్నాడు.

సెప్టెంబరులో, అక్కడ చలికాలం అయిపోగానే, మంగళ యాభయ్యో పుట్టినరోజు. ఈడెన్ సముద్రతీరంలో తిమింగలాలు చూపిస్తానని ఆవిడని బయల్దేరదీశాడు. సామాన్లతో యార్డుకొచ్చి స్విచ్ వేశాడు.

వెలగలేదు.

మళ్ళీ వేశాడు. ఫ్రిజ్ లేదు, పంపు లేదు. మంగళ సంచీ కింద పెట్టింది.

యార్డు ఆఫీసులో పనిచేసే జయశ్రీ మీటరు తెచ్చి చూసింది.

"ఫుల్ డెడ్ అంకుల్. వింటర్ అంతా కవర్ తియ్యలేదా?"

"ఎందుకు తీస్తాను?"

"రూఫ్ మీద సోలార్ ప్యానెల్ ఉందిగా. కవర్ కింద ఎండెలా తగుల్తుంది? అందుకే ముస్తాక్ అంకుల్ ప్రతి సండే పొద్దున్నే తీసి, మధ్యాహ్నం మళ్ళీ కప్పేవారు. త్రీ ఇయర్స్ నుంచీ."

చలపతి పక్కన ఖాళీగా ఉన్న స్థలం వైపు చూశాడు.

"ఆయనెక్కడున్నారిప్పుడు?"

"నేను ఇండియా వెళ్ళొచ్చేసరికి ఓనర్ పంపించేశారు. వ్యాన్ అమ్మేసి పెర్త్ వెళ్ళిపోయారట."

"నాతో ఒక్క మాట అనొచ్చుగా."

జయశ్రీ మంగళ వైపు చూసి గొంతు తగ్గించింది.

"నేనూ అదే అన్నాను అంకుల్. 'అన్న బ్యాటరీ గురించి ఇంట్ల గొప్పగ చెప్పుకుంటుండు, ఆమె ముందట చిన్నబోతడు, చెప్పకు బేటా' అన్నారు."