అక్క కూతురి టీకా

టీకా ట్రే పక్కకి జరిపి నర్సు మళ్ళీ మొదట్నుంచీ చెప్పసాగింది. ఎదురుగా ఉన్నది సొంత అక్క కాబట్టి, ఓపిక ఎప్పుడో అయిపోయింది.

"గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ తెచ్చే వైరస్‌ని ఆపే టీకా అక్కా ఇది. వైరస్ సోకకముందే వేస్తే బాగా పనిచేస్తుంది. అందుకే పాపకి ఈ వయసులోనే వేయించమంటున్నా."

"అది చెడు తిరుగుళ్ళు తిరిగేవాళ్ళకి వచ్చే రోగమటగా! నా కూతురికెందుకే?"

"ఎవరు నూరిపోశారు నీకివన్నీ?" నర్సు అరుపు వరండాలో కూర్చున్న పిల్లదాకా వినిపించింది. "చాలామందికి ఎప్పుడో ఒకప్పుడు సోకుతుంది. ఒక్క మొగుడితో కాపురం చేసినా సోకుతుంది. మంచిచెడులకీ దానికీ ఏం సంబంధం?"

అక్క వాదన ఆపేసి స్టూలు మీద కూలబడింది.

"ఒక్కడితోనే ఉన్నా వస్తుందా? నిజం చెప్పవే."

"ఎన్నిసార్లు చెప్పాలక్కా!"

"ఆ వైరస్ నాకుందట. పోయినవారం పరీక్షలో తేలింది. అప్పట్నుంచీ మీ బావ నా మొహం చూడట్లేదు."

నర్సు స్టూలు దగ్గరికి వచ్చింది. అక్క చెయ్యి పట్టుకుంది. "ఉన్నంత మాత్రాన క్యాన్సర్ కాదక్కా. చూపించుకుందాం."

"సరే. ముందు పాపకి వేసెయ్. తర్వాత ఇంటికి రా. ఇందాక నా మీద అరిచావే, ఆ మాటలే ఆయన ముందు కూడా అలాగే అరిచి చెప్పు."