బొట్టుకి అప్‌గ్రేడ్

బొమ్మలేసే సాఫ్ట్‌వేర్ ఉచిత వెర్షన్‌లో ఆకుపచ్చ ఒక్కటే వస్తుంది. అందుకే చీరాలలో పోయినవాళ్లందరూ రెండేళ్లుగా శ్రద్ధాంజలి ఫ్లెక్సీల మీద పచ్చగా ఉన్నారు.

భార్య ఫ్లెక్సీ వేయించడానికి వచ్చిన సాంబయ్య మాత్రం ఒప్పుకోలేదు. "మీ పిన్ని ముత్తైదువుగా పోయిందిరా. ఎర్రబొట్టు లేకుండా ఎట్టా?"

"ఎరుపు కావాలంటే అప్‌గ్రేడ్ చెయ్యాలి బాబాయ్," అన్నాడు ఫ్లెక్సీలు వేసే మస్తాన్. "డబ్బుల్లేనోళ్ల ప్లానులో నీ కళ్లల్లోంచి ఆ రంగు తీసేసుకుంటారు. ఇంక జన్మలో కనపడదు."

"ఈ వయసులో నాకెందుకురా ఎరుపు? తీసుకోమను."

సాంబయ్య రెప్ప వేయకుండా కెమెరాలోకి చూశాడు. టింగుమంది. మస్తాన్ తెర మీద పిన్ని నుదుట రూపాయి బిళ్లంత ఎర్రబొట్టు దిద్దాడు.

సాంబయ్య తెర మీదికి వంగి చాలాసేపు వెతికాడు.

"బొట్టు పెట్టలేదేరా?"

మస్తాన్ ఆయన వేలు పట్టుకుని తెరకి ఆనించాడు. "ఇదిగో, ఇక్కడుంది బాబాయ్."