కళ్లు తిరిగిన మంద

అడవిలో ఉప్పుమట్టి దిబ్బ ఒకటి ఉండేది. అక్కడి దుప్పుల మందలో పెద్దలు నాకాకే చిన్నలు నాకాలి. గన్నేరు అనే పడుచు దుప్పి మాత్రం ఆగలేక రోజూ వరస తప్పేది. పైగా లేచి నిలబడితే చాలు, కళ్లు తిరిగి కూలబడేది.

"నీళ్లు తాగవే," అన్నాడు మందపెద్ద కొమ్ములయ్య. ఆయన కొమ్ములు పైకే కాదు, లోపలికీ పెరిగాయని మందలో చాటుగా అనుకునేవారు. కడుపునిండా తాగితే కళ్లు ఇంకా తిరిగాయి. ఇదేం వింతో గన్నేరుకి అంతుపట్టలేదు.

"ఇవన్నీ ఉప్పు కోసం వేషాలు. ఇంకోసారి వరస తప్పితే మందలోంచి వెళ్లగొడతాను," అన్నాడు కొమ్ములయ్య.

ముళ్లపంది ముసలమ్మ అడ్డుపడింది. "మూత్రపిండాల మీద టోపీల్లాంటి గ్రంథులుంటాయి నాయనా. ఉప్పును పోనివ్వొద్దని అవి హార్మోనుతో కబురంపుతాయి. దీనికి ఆ కబురే వెళ్లడం లేదు. ఉప్పు బయటికి పోతే వెంటే నీళ్లూ పోతాయి, రక్తపోటు పడిపోతుంది. ముందు దీన్ని నాకనివ్వు."

సరే, కళ్లు తిరిగినవాళ్లే ముందు నాకాలన్నాడు కొమ్ములయ్య. మర్నాటికి మందంతా కళ్లు తిరిగి దిబ్బ చుట్టూ పడి ఉంది, కొమ్ములయ్యతో సహా. అది చూసి గన్నేరుకి తన జబ్బు మీదే అనుమానం వచ్చింది.

ఇంతలో పొద గరగరలాడింది. మందంతా ఒక్క దూకులో మాయమైంది. గన్నేరు లేచి, రెండడుగులు వేసి, కూలబడి కళ్లు మూసుకుంది.

పొదలోంచి ముళ్లపంది ముసలమ్మ బయటికి వచ్చి ముళ్లు సర్దుకుంది.

"ఇక నాకవే తల్లీ," అంది. "మిగతావాళ్లకి నయమైపోయింది."