చెరిపి రాసిన సీడీలు

"కొత్తయి కొనలేక పాతయి పంపిండ్రా?" అని బల్ల మీది సీడీలు చూసి అడిగాను. జనగామలో మొయినుద్దీన్ కంప్యూటర్ షాపు అది. మా నాయకుడు మొన్న తెలంగాణ సభలో చేసిన ప్రసంగం సీడీల్లో ఊరూరా పంచాలట. నిరుటి దాకా ప్రత్యేక రాష్ట్రమంటే నవ్విన మనిషి!

"చెరిపి మళ్ల రాసేటియే సార్. మీ ఆఫీసోళ్లు ఇండ్ల ఏం లేవన్నరు. అన్నీ ఫార్మాట్ కొట్టి ఎక్కించిన," అన్నాడు మొయినుద్దీన్.

అంతలో తండా నుంచి చంద్రి వచ్చింది. ఉద్యమంలో పోయిన ఆమె కొడుకు పాడిన పాట ఒక్క సీడీలోనే ఉండేది. సభలో వినిపిస్తానని నాయకుడు దాన్ని తీసుకుపోయాడు. వినిపించలేదు.

"మా పిలగాని సీడీ ఈడికే పంపినమన్నరు భాయ్. జర పెట్టు, వింట."

బల్ల మీది సీడీలన్నిటిలో ఇప్పుడు ఒకటే గొంతు. మొయినుద్దీన్ చేతికందింది పెట్టాడు.

అమరుల పాట చెవుల్లో మోగుతుంటే తనకు నిద్ర పట్టదన్నాడు నాయకుడు. చంద్రి స్టూలు అంచున కూర్చుని చివరి చప్పట్ల దాకా శ్రద్ధగా వింది.

"మంచిగ చెప్పిండు," అంది. "ఇగ మావోడు పాడుతడా?"